ఆవగింజ తోటలో ఓనమాలు

ముందుగా ఒక చిన్న సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను.

ఉద్యోగరీత్యా సింగపూరులో ఉంటున్న నేను రెండేళ్ళ క్రితం, నలభైయారో ఏట, చైనా సంప్రదాయ కుంచె చిత్రలేఖనం నేర్చుకోవడానికి చేరాను. ప్రతి ఆదివారం ఉదయం రెండు గంటలు తరగతి. మా గురువుగారు డెబ్బై దాటిన చీనా పెద్దావిడ. మొదటి ఎనిమిది నెలలూ ఆమె నా చేత వేయించినది వెదురు ఒక్కటే. అదీ చెట్టును చూసి కాదు, పాత పుస్తకంలోని పుటను చూసి. ఎన్ని కాగితాలు చిత్తు చేశానో లెక్క లేదు. చివరికి ఒకటి పరవాలేదనిపించి, పటం కట్టించి హాల్లో తగిలించుకున్నాను. ఒకనాడు భోజనానికి వచ్చిన మిత్రుడొకాయన దాని ముందు కాసేపు నిలబడి, "బావుందండీ. ఎక్కణ్ణుంచి దించారు?" అని అడిగారు.

ఆయన మాటలో ఎగతాళి లేదు. మామూలుగానే అడిగారు. అందుకే మరీ గుచ్చుకుంది. ఆ బొమ్మలో నాది అని చెప్పుకోదగిన ఆకు ఒక్కటి కూడా లేదు మరి! వారం తిరక్కుండా ఆ పటాన్ని తీసి బీరువా వెనక పెట్టేశాను. రెండు నెలలు తరగతికీ వెళ్ళలేదు. ఆ రెండు నెలలూ కుంచె పట్టడానికి బదులు ఈ విద్య చరిత్ర చదివాను. ఇన్ని వందల ఏళ్ళుగా అంతంత చిత్రకారులు నకళ్ళతోనే ఎందుకు మొదలుపెట్టారు? ఇది విద్యాభ్యాసమా, బానిసత్వమా? ఇదీ నా ప్రశ్న. చదివినదాన్ని మిత్రులతో పంచుకుందామనే ఈ టపా.

ఈ విద్యకు కావలసిన సరంజామా నాలుగే వస్తువులు: కుంచె, సిరా, కాగితం, సాన. చైనావారు వీటిని విద్వాంసుని గదిలోని నాలుగు నిధులంటారు. సిరా సీసాలో వచ్చేది కాదు. చీడు చెక్కను గానీ నూనెను గానీ కాల్చి, ఆ మసిని మనం కాటుక పట్టినట్టు పట్టి, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో కలిపి, కడ్డీలుగా ఎండబెడతారు. ఆ కడ్డీని నాలుగు చుక్కల నీళ్ళు పోసిన సాన మీద గంధం తీసినట్టు అరగదీయాలి. కాగితాల్లో పేరుపడినది అన్హుయి రాష్ట్రంలోని జింగ్‌షియన్ ప్రాంతంలో తయారయ్యే షువాన్ కాగితం. ఒక జాతి చెట్టు బెరడు నారనూ వరిగడ్డినీ కలిపి దాన్ని చేస్తారు. పటిక పట్టించని పచ్చి షువాన్ కాగితం మీద కుంచె ఆన్చిన మరుక్షణం సిరా ఇంకి నలుదిక్కులా పాకుతుంది. చెరపడం అన్న మాటే లేదు. చేయి ఎక్కడ తడబడితే అక్కడ పెద్ద మచ్చ పడి, ఆ తడబాటు అందరికీ కనిపిస్తుంది.

వెదురు ఆకును నేర్పే పద్ధతి మరీ చిత్రం. చీనా లిపిలో 'గ' అని పలికే ఒక అక్షరం ఉంది. గొడుగులా రెండు వాలు గీతలు, వాటి మధ్య ఒక నిలువు గీత. 'జ్యే' అని పలికే మరొక అక్షరంలో అడుగున గీతలు రెండు ఉంటాయి. వెదురు ఆకుల గుత్తులన్నీ ఈ రెండక్షరాల పేర్లతోనే నేర్పుతారు. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల వాడైన జావో మెంగ్‌ఫు (1254–1322) అనే చిత్రకారుడు, రాళ్ళకూ చెట్లకూ వెదురుకూ వేర్వేరు లిపిశైలుల గీతలే ఆధారమనీ, వ్రాతా బొమ్మా మూలంలో ఒకటేననీ తన బొమ్మ మీదనే పద్యం వ్రాసి మరీ చెప్పాడు.

నా చిక్కు సరిగ్గా ఇక్కడే వచ్చింది. మన తెలుగు అక్షరం గంటంతో తాటాకు మీద పెరిగిన అక్షరం. గీత మందం మొదటి నుంచి చివరి దాకా ఒకటే. వంపులోనే దాని అందమంతా. చీనా గీత అలా కాదు. కుంచెను నొక్కితే లావెక్కుతుంది, ఎత్తితే సన్నబడుతుంది, ఆపితే ముడి పడుతుంది. ఒక్క వెదురు ఆకులో ఆనడం, నొక్కడం, జారడం, లేవడం నాలుగూ ఒక్క ఊపిరిలో జరిగిపోవాలి. నలభై ఏళ్ళుగా గుండ్రంగా తిరగడం ఒక్కటే తెలిసిన నా చేతికి ఇది ఎంతకీ పట్టుబడలేదు. చీనా పిల్లలు ఇవే గీతలను అక్షరాలతో పాటు బడిలో నేర్చుకుంటారు. అంటే వారు చిత్రలేఖనంలో చేరేనాటికి ఓనమాలు అయిపోయి ఉంటాయి. నాకు అవే కాలేదన్నమాట.

ఇక చరిత్ర. ఆరో శతాబ్దం నాటి శ్యే హ అనే విమర్శకుడు చిత్రలేఖనానికి ఆరు సూత్రాలు చెప్పాడు. మొదటిది ప్రాణస్పందన. రెండోది ఎముక వంటి బలమున్న కుంచె గీత. తరువాత వస్తువు రూపానికి తగినట్టుగా ఉండడం, వర్ణానికి తగిన రంగు వేయడం, కూర్పు. ఆరోది పూర్వుల చిత్రాలకు ప్రతులు తీసి అందజేయడం. మన షడంగాలు తెలిసినవారికి వెంటనే పోలిక తడుతుంది. కామసూత్రాలకు జయమంగళ వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అని చిత్రానికి ఆరంగాలు చెప్పాడు. రెంటినీ పోల్చి చర్చించినవారు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం పోలిక కన్నా తేడా ముఖ్యమనిపించింది. మన ఆరింటిలో ప్రతి తీయడం లేదు. సాదృశ్యమంటే వస్తువుతో పోలికే గాని పూర్వచిత్రంతో పోలిక కాదు. చైనాలో మాత్రం నకలు తీయడం, నేర్చుకునేవాడి మెట్టుగా మిగిలిపోకుండా, విద్యకే ఒక సూత్రమైంది.

ఎందుకైందో గ్రహించడానికి రెండు ఉదాహరణలు చాలు. క్రీ.శ. 353లో వాంగ్ షీజీ అనే మహాలేఖకుడు, మిత్రులతో కలిసి వాగు ఒడ్డున జరుపుకున్న కవితాగోష్ఠికి ముందుమాటగా ఒక పత్రం వ్రాశాడు. చీనా లిపికళలో దానికి మించినది లేదంటారు. దాని మీద ప్రాణం పెట్టుకున్న టాంగ్ చక్రవర్తి తైజోంగ్ 649లో మరణించినప్పుడు, అసలు పత్రాన్ని ఆయన సమాధిలోనే పెట్టారని ప్రతీతి. ఈనాడు మనకున్నవన్నీ నకళ్ళే. ఆస్థాన లేఖకులు అక్షరం అంచులను సన్నగా గీసి, లోపల సిరా నింపి తీసిన ప్రతులవి. అలాగే నాలుగో శతాబ్దపు గు కైజీ పేరున లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పట్టుచుట్ట కూడా తరువాతి కాలపు ప్రతి అనే పండితుల అభిప్రాయం. పట్టు చివుకుతుంది, కాగితం కాలుతుంది, రాజ్యాలు తలకిందులవుతాయి. నకలు తీసినవాడు లేకపోతే గు కైజీ గీత ఎలా ఉండేదో మనకు ఊహకైనా అందదు.

మనకు మాత్రం ఇది తెలియని సంగతా? తాటాకు మూడు నాలుగు వందల ఏళ్ళకు మించి నిలవడం అరుదు. నన్నయ తిక్కనలు మన దాకా వచ్చారంటే పేరు తెలియని లేఖకులు తరతరాలుగా కొత్త ఆకుల మీద ఎక్కించుకుంటూ వచ్చినందువల్లనే. బ్రౌను దొర పండితులను జీతానికి పెట్టి ప్రతులు వ్రాయించినది కూడా అందుకే. ఆ లేఖకులను ఎవరూ 'ఎక్కణ్ణుంచి దించారు?' అని అడగలేదు.

చదువుతూ ఉండగా మరొకటి తెలిసింది. మనం 'దించడం' అని ఒక్క మాటలో తేల్చేసేదానికి చీనా చిత్రకారులు కనీసం మూడు మాటలు వాడతారు. 'మో' అంటే మూలం మీద పలుచని కాగితం పరచి అదే గీత మీద గీయడం. 'లిన్' అంటే మూలాన్ని పక్కన పెట్టుకొని చూస్తూ వ్రాయడం. 'ఫాంగ్' అంటే మూలం ఎదుట లేకుండానే ఆ పూర్వుని ధోరణిలో స్వయంగా వేయడం. మొదటిదానిలో చేయి మాత్రమే పనిచేస్తుంది, రెండోదానిలో కన్ను తోడవుతుంది, మూడోదానిలో మనసు దిగుతుంది. ఇవి మూడు మెట్లు. మొదటిదానికి మన భాషలో చక్కని మాట ఉండనే ఉంది: దిద్దడం. పలక మీద పెద్దలు వ్రాసి ఇచ్చిన అక్షరం మీద పిల్లవాడు బలపంతో చేసేది అదే. ఎవరూ దాన్ని నకలనరు.

గురువు దొరకనివాడి గతి ఏమిటి? వారి కోసం ముద్రిత గ్రంథాలు పుట్టాయి. 1238లో సోంగ్ బోరెన్ ప్లమ్ పువ్వు మొగ్గ తొడిగింది మొదలు రాలిపోయేదాకా వంద దశలను వంద బొమ్మలుగా అచ్చువేయించాడు. పదిహేడో శతాబ్దం మొదటి భాగంలో నాంజింగ్ నగరంలో హు జెంగ్యాన్ 'పది వెదుళ్ళ గది' పేరున రంగుల చెక్క అచ్చుతో మరొక గ్రంథం తెచ్చాడు. కాని వీటన్నిటినీ మరిపించినది 1679లో వెలువడిన 'జ్యేజి యువాన్ హువా జ్వాన్'. అంటే 'ఆవగింజ తోట చిత్రలేఖన గ్రంథం'. గోలకొండలో తానీషా ఏలుతున్న రోజులన్నమాట.

ఆ పేరు వెనక కథ ఉంది. లీ యూ (1611–1680) నాటకకర్త, వ్యాసకర్త, నాటక సమాజం నడిపినవాడు, పుస్తకాల ప్రచురణకర్త. నాంజింగ్‌లో ఆయన ఇంటి స్థలం మరీ చిన్నది. అందుకని దానికి 'ఆవగింజ తోట' అని పేరు పెట్టుకున్నాడు. ఆవగింజలో సుమేరు పర్వతాన్ని ఇమడ్చవచ్చుననే బౌద్ధుల భావన కూడా ఆ పేరులో ధ్వనిస్తుంది. ఆ భావన మనదేశం నుంచి వెళ్ళినదే. వైశాలి నగరపు గృహస్థు విమలకీర్తి కథగా వచ్చే సూత్రగ్రంథంలో ఉంది. దాన్ని కుమారజీవుడు 406లో చీనా భాషలోకి అనువదించాడు.

లీ యూ అల్లుడు షెన్ షిన్‌యో ఇంట్లో మింగ్ కాలపు చిత్రకారుడు లీ ల్యోఫాంగ్ (1575–1629) బోధన కోసం వేసిన నలభైమూడు పుటలుండేవి. వాంగ్ గాయ్ అనే చిత్రకారుడు మూడేళ్ళు కూర్చుని వాటిని నూటముప్పైమూడు పుటలకు పెంచి, వరసగా పేర్చాడు. లీ యూ ముందుమాట వ్రాశాడు. అది కొండలూ చెట్లూ రాళ్ళూ నేర్పే మొదటి భాగం. ఆర్కిడ్, వెదురు, ప్లమ్, చామంతి అనే 'నలుగురు సజ్జనుల' భాగమూ, పూలూ పక్షులూ పురుగుల భాగమూ 1701లో వచ్చాయి.

ఆ పుస్తకం తిరగేస్తే మొదట ఆశ్చర్యం కలిగించేది అందులోని పేర్లు. కొండరాతి మీద గరుకుదనం చూపే గీతలు ఎన్నో రకాలు. ఒకటి జనపనార విప్పి పరచినట్టు, ఒకటి గొడ్డలి వేటు పడినట్టు, ఒకటి వానచినుకు రాలినట్టు, ఒకటి తామరాకు ఈనెల్లా, ఒకటి పురి విడిన తాడులా. ఆకులు పెట్టే చుక్కల్లో మిరియపు చుక్క ఉంది, ఎలుక పాదపు చుక్క ఉంది. నారా తాడూ గొడ్డలీ మిరియమూ పల్లెటూరి మనిషికి తెలియనివి కావు. గొప్ప చిత్రకారుల చేతివాటాన్ని విప్పి, ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఇంట్లో ఉండే వస్తువు పేరు పెట్టిన పుస్తకం ఇది. అంతవరకు గొప్ప చిత్రాలు చూడాలంటే శ్రీమంతుల ఇళ్ళలోకి ప్రవేశముండాలి. ఈ పుస్తకం వచ్చాక పుస్తకం అరువిచ్చే మనిషి ఒకడుంటే చాలు.

అలా అరువు తెచ్చుకున్నవాళ్ళలో ఒకని కథ చెప్పి తీరాలి. హునాన్ రాష్ట్రంలో ష్యాంగ్‌తాన్ దగ్గరి పల్లెలో, 1864 జనవరి 1న, బీద రైతుల ఇంట ఒక బలహీనుడైన పిల్లవాడు పుట్టాడు. ముద్దుపేరు ఆజీ. చలికాలం రాత్రి తాతగారు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పొయ్యి దగ్గరి బూడిదలో పట్టకారుతో ఒక అక్షరం గీసి చూపించారు. పిల్లవాడి పేరులోని మొదటి అక్షరం 'ఆ'. మనవాళ్ళు పళ్ళెంలో బియ్యం పోసి పిల్లల చేత దిద్దించడం గుర్తుకు రాలేదూ? పొలం పనికి ఒళ్ళు చాలక వాణ్ణి వడ్రంగంలో పెట్టారు. తరువాత చెక్క మీద పూలు చెక్కే పని నేర్చుకున్నాడు. 1882లో, ఇరవయ్యేళ్ళు నిండక మునుపే, పనికి వెళ్ళిన ఒక ఇంట్లో ఆవగింజ తోట గ్రంథం కనిపించింది. రంగుల అచ్చు, ఒక సంపుటం పోయిన ప్రతి. కొనే స్తోమత లేదు. అరువు తెచ్చుకుని, పగలంతా చెక్కపని చేసి, రాత్రిళ్ళు చీడు పుల్లల వెలుతురులో పలుచని కాగితం పరచి, ఒక్కొక్క పుటే దిద్దాడు. ఆరు నెలలు పట్టింది. పదహారు సంపుటాలుగా కుట్టుకున్నాడు. ఆ పని చేస్తున్నప్పుడే, తాను అంతవరకూ గీసిన మనుషుల బొమ్మల్లో కొలతల లోపాలు అతనికి తెలిసివచ్చాయి. ఆ వడ్రంగే చీ బైషి. ఇరవయ్యో శతాబ్దపు చైనా చిత్రకారులలో అగ్రగణ్యుడు.

ఇంతవరకు చదివి, నా మిత్రునికి గట్టి సమాధానం దొరికిందని నేను సంబరపడిపోయాను. కాని చరిత్ర అంత తేలికగా ఒక పక్షానికి ఒరగదు గదా. అవతలి పక్షం వాదనలో కూడా బలముంది.

ఆవగింజ తోట గ్రంథం వచ్చిన కాలంలోనే షీతావ్ (1642–1707) అనే సన్న్యాసి చిత్రకారుడుండేవాడు. పూర్వులను అనుసరించడమే పరమార్థమన్నవారి మీద ఆయన తిరగబడ్డాడు. పూర్వులకు పూర్వులెవరు, పద్ధతులు పుట్టక ముందు పద్ధతి ఎక్కడిది అన్నది ఆయన వాదన సారాంశం. ఎవరి ముఖం వారిదైనట్టే ఎవరి గీత వారిదన్నాడు. ఆయన మాట ఆనాడు చెల్లలేదు. చింగ్ ఆస్థానంలో పూర్వుల ధోరణిలో వేసేవారికే గౌరవం. రెండు వందల ఏళ్ళు గడిచేసరికి కొండలన్నీ ఒకే కొండలా, చెట్లన్నీ ఒకే చెట్టులా తయారయ్యాయి. 1919లో 'నవయువత' పత్రికలో చెన్ దుష్యు చిత్రకళలో విప్లవం రావాలని వ్రాస్తూ, ఆ ఆస్థాన ధోరణిని మొదట కూలదోయాలన్నాడు. పారిస్‌లో చదివి వచ్చిన చిత్రకారుడు ష్యూ బేహోంగ్ కూడా పాత బొమ్మలను చూసి బొమ్మలు వేయడాన్ని తీవ్రంగా నిరసించి, ప్రకృతిని చూసి వేయమన్నాడు. ఈ ష్యూ బేహోంగ్ మనవారికి తెలియనివాడు కాడు. 1939 చివర శాంతినికేతనానికి వచ్చి, 1940లో రవీంద్రుని రూపచిత్రం వేసినవాడు ఈయనే.

అయితే ఇక్కడొక విశేషముంది. అదే ష్యూ బేహోంగ్ 1920ల చివర బీజింగ్‌లో కళాశాల అధిపతిగా ఉన్నప్పుడు, బోధించడానికి రమ్మని పట్టుబట్టి పిలిచినది చీ బైషినే! చీడు పుల్లల వెలుతురులో పుస్తకం దిద్దిన ఆ వడ్రంగినే!

కారణమేమంటే, చీ బైషి పుస్తకం దగ్గర ఆగిపోలేదు. యాభై దాటాక బీజింగ్ చేరినప్పుడు ఆయన బొమ్మలు అంతగా అమ్ముడుపోలేదు. మిత్రుడు చెన్ షీజెంగ్ ప్రోత్సాహంతో, అరవైకి దగ్గరపడుతున్న వయసులో, తన పద్ధతిని సమూలంగా మార్చుకున్నాడు. 1922లో చెన్ షీజెంగ్ ఆ బొమ్మలను జపాను ప్రదర్శనకు తీసుకువెళితే మంచి ధరలకు అమ్ముడుపోయాయి. ఆయన రొయ్యలు లోకప్రసిద్ధం. మొదట్లో ఆ రొయ్యల్లో పూర్వచిత్రకారుల ఛాయలున్నాయి. తరువాత బల్ల మీద గిన్నెలో బతికిన రొయ్యలను పెంచుతూ, వాటి కదలికలు చూస్తూ, ఏళ్ళ తరబడి మార్చుకుంటూ పోయాడు. ఎనభయ్యో పడిలో వేసిన రొయ్యలకు కాళ్ళు తగ్గాయి, ప్రాణం పెరిగింది. తన దగ్గర నేర్చుకున్నవాడు బతుకుతాడు గాని తనలా ఉండాలని చూసినవాడు బతకడన్న అర్థంలో ఆయన శిష్యులను హెచ్చరించేవాడని ప్రసిద్ధి. ఆయన 1957లో కన్నుమూశాడు.

దీన్నిబట్టి నాకు తోచినది ఇది. నకలు తీయడంలో తప్పు లేదు. అక్కడే ఇల్లు కట్టుకోవడంలో ఉంది. షీతావ్ మాటా నిజమే, వడ్రంగి ఆరు నెలల శ్రమా నిజమే. షీతావ్‌ది ప్రయాణం చివర వినవలసిన మాట. నేను దాన్ని మొదట్లోనే విని, సిగ్గుపడి, చేతిలోని కుంచె కింద పెట్టేశాను. నిజానికి నా వెదురు 'మో' మెట్టు దాటి అప్పుడే 'లిన్' మెట్టు మీద కాలు పెట్టింది. దాన్ని పటం కట్టించడమే నా తొందరపాటు. దిద్దిన పలకను ఎవరైనా గోడకు తగిలించుకుంటారా?

తెలుగులో 'దిద్దడం' అన్న మాటకు రెండర్థాలున్నాయి. గీసిన గీత మీద గీయడం ఒకటి, తప్పును సరిచేయడం మరొకటి. ఈ రెండూ ఒకే పని అని మన భాషకు ఏనాడో తెలుసు. మరొకరి గీత మీద నడిచినప్పుడే మన చేయి ఎక్కడ తప్పుతున్నదో మనకు తెలుస్తుంది.

రెండు నెలల తరువాత మళ్ళీ తరగతికి వెళ్ళాను. ఎందుకు రాలేదని గురువుగారు అడగలేదు. పాత పుటే ముందు పెట్టారు. నలభై ఆకులు వేశాను. వారి సంప్రదాయంలో గురువు ఎర్ర సిరాతో తప్పులు కొట్టేయడం కన్నా బాగున్నదాని చుట్టూ సున్న చుట్టడం ఎక్కువ. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఒక్క ఆకు చుట్టూ చిన్న ఎర్ర సున్న చుట్టారు. పుస్తకంలోని పుటతో పోల్చి చూశాను. అది అందులోని ఆకులా లేదు. తక్కిన ముప్పైతొమ్మిదీ ఉన్నాయి.

ఆ కాగితాన్ని పటం కట్టించలేదు. పుస్తకంలో దాచుకున్నాను.

చీనా పేర్ల ఉచ్చారణలో గానీ మరెక్కడైనా గానీ పొరపాట్లుంటే, తెలిసిన మిత్రులు దిద్దగలరని మనవి.